జార్‌లో లివర్‌కి మెడ ఉండదు

ఎంబీబీఎస్ సెకండ్ ఇయర్ ప్రాక్టికల్స్ దగ్గరపడితే చాలు, పిల్లల ఫోన్లలో ఒక పీడీఎఫ్ తిరగడం మొదలవుతుంది. మా పాథాలజీ మ్యూజియంలో, అంటే జబ్బు పడ్డ అవయవాలను ఫార్మలిన్ ద్రవంలో దాచి ఉంచే గదిలో, ఉన్న జార్లన్నిటికీ ఎవరో సీనియర్ ఎప్పుడో ఫోటోలు తీసి, కింద జవాబు, దాని కింద రెండేసి పాయింట్లు రాసిపెట్టిన ఫైలు అది. నా దాకా ఎలా వచ్చిందో చెప్పను గానీ, చూసి కోపం రాలేదు, నిజానికి ముచ్చటేసింది, అంత శ్రద్ధగా చేశారు. చిక్కల్లా ఒకటే. అందులో ఉన్న గుర్తులన్నీ జార్‌వి, లోపలున్న అవయవానివి కావు. “మూత మీద తెల్ల పెయింట్ మరక, ఫైబ్రాయిడ్ యూటరస్.” “ఎడమ వైపు పగులు, టేప్ వేసి ఉంటుంది, హైడాటిడ్ సిస్ట్.” “ఫార్మలిన్ బాగా పసుపు రంగు, కొల్లాయిడ్ గాయిటర్.”

దాంతో ఈసారి ఇంటర్నల్స్‌కి ముందు కొన్ని స్పెసిమెన్లను కొత్త జార్లలోకి మార్పించాం. మా అటెండర్ గారిది శ్రీకాకుళం వైపు. గ్లవ్స్ తొడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఒక్కొక్కటే మారుస్తూ “ఏటి మేడమ్ ఇది, పిల్లలు అసలే బెంగెట్టుకుని ఉన్నారు, ఇప్పుడు మూతలు కూడా మార్చేత్తే ఎలగ?” అన్నారు. అంటే ఆయనకి కూడా తెలుసన్నమాట, తెలియంది మాకే. పరీక్ష రోజు బెల్ కొట్టగానే జార్ ముందుకొచ్చి, లోపలికి చూడకుండా మూత చుట్టూ వెతుక్కుంటున్న పిల్లల్ని చూసి నవ్వాపుకోవడం కష్టమైంది. ముందు బెంచీ వాళ్లు కూడా బిక్కమొహాలు వేశారు.

ఇదంతా పిల్లల్ని ఆడిపోసుకోవడానికి రాయట్లేదు. పేరు చెప్తే మార్కు పడుతుందని వాళ్లకి నేర్పింది పరీక్షే. స్పాటర్, అంటే చూసి గుర్తుపట్టాల్సిన జార్, దగ్గర ఉండేది కాస్త టైమే, ఆ టైములో పేరు రాయి, రెండు పాయింట్లు రాయి, పక్కకి జరుగు. ఇలాంటి చోట మూత మీద మరక గుర్తుపెట్టుకున్నవాడు తెలివైనవాడే. ఆ పేరు దాటి ఇంకొక్క ప్రశ్న అడిగితే ఏమవుతుంది అన్నదే నా గొడవ.

మొన్న వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఒకబ్బాయికి లివర్ జార్ ఇచ్చాను. చూడగానే “నట్‌మెగ్ లివర్ మేడమ్, క్రానిక్ వీనస్ కంజెషన్” అనేశాడు, అంటే సిరల్లో రక్తం చాలాకాలంగా నిలిచిపోవడం. జాజికాయ కోసినట్టు ఎర్రటి చుక్కలు, వాటి చుట్టూ పాలిపోయిన భాగం, కరెక్టే. ఎర్రగా ఉన్నది లివర్‌లోని చిన్న గడి అయిన లోబ్యూల్‌లో ఏ భాగం అని అడిగితే “సెంట్రల్ వీన్ చుట్టూ” అన్నాడు, అదీ కరెక్టే. మరి గడి అంచున రక్తం లోపలికొచ్చే పోర్టల్ ట్రాక్ట్ చుట్టూ కాకుండా అక్కడే ఎందుకు అన్నాను. మౌనం. టేబుల్ మీద ఉన్న పెన్ను వైపు చూశాడు, ఫ్యాన్ వైపు చూశాడు. సరే అని ఇంకో దారిలో వచ్చాను, “ఈ లివర్ ఉన్న పేషెంట్ బతికున్నప్పుడు నీ దగ్గరికొస్తే మెడలో ఏం కనిపిస్తుంది?” నా ప్రశ్న వినగానే వాడు మళ్లీ జార్ వైపు చూశాడు, అందులో మెడ ఉంటుందేమోనని కాబోలు.

“తెలుగులో చెప్పు నాన్నా, ఇంగ్లిష్ అక్కర్లేదు, రక్తం లివర్ నుంచి ఎటు పోతుంది?” అన్నాక వాడి నోరు విచ్చుకుంది. “సెంట్రల్ వీన్ నుంచి హెపాటిక్ వీన్, అక్కణ్ణుంచి ఐవీసీ, అక్కణ్ణుంచి రైట్ ఏట్రియం మేడమ్.” ఐవీసీ అంటే కింది నుంచి రక్తాన్ని గుండెకి చేర్చే పెద్ద సిర, రైట్ ఏట్రియం అంటే గుండెలో కుడి పై గది. మరి రైట్ సైడు గుండె సరిగా కొట్టుకోకపోతే? “ఎనక్కి తన్నేస్తాది మేడమ్!” అన్నాడు గట్టిగా, పక్క టేబుల్ దగ్గరున్న ఎక్స్‌టర్నల్ గారు, అంటే బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, తలెత్తి చూసేంత గట్టిగా. తన్నేస్తే ముందు ఉబ్బేది సెంట్రల్ వీనే. పైగా లోబ్యూల్‌లో ఆక్సిజన్ అందరికన్నా ఆఖర్న అందేది ఆ చుట్టుపక్కల కణాలకే, అంచేత ముందు చచ్చేవి కూడా అవే. ఇదే తన్నుడు పైకి వెళ్తే మెడలో జుగులర్ వీన్ ఉబ్బుతుంది, కిందకి వెళ్తే కాళ్లు వాస్తాయి, పొట్ట మీద లివర్ దగ్గర చెయ్యి పెట్టి నొక్కి ఉంచితే మెడలో నరం ఇంకాస్త పైకి లేస్తుంది. అక్కణ్ణుంచి వాడే లాక్కుపోయాడు. రైట్ సైడ్ ఎందుకు ఫెయిలయింది అంటే ఊపిరితిత్తుల్లో ప్రెషర్ పెరిగి, అది ఎందుకంటే గుండెలో ఎడమ వైపున్న మైట్రల్ వాల్వ్ ఇరుకై, అది ఎందుకంటే చిన్నప్పుడు రుమాటిక్ ఫీవర్ వచ్చి, అది ఎందుకంటే ఎప్పుడో స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పిని పట్టించుకోక. గొంతు నొప్పి నుంచి జార్‌లో లివర్ దాకా ఒక్క గుక్కలో చెప్పేశాడు. అంటే వాడికి అంతా తెలుసు. తెలిసినదాన్ని బయటికి తీసే ప్రశ్న అంతకుముందు ఎవరూ వేయలేదు, అంతే.

ఇందులో సగం ఫిజియాలజీ. అది వాడు ఫస్ట్ ఇయర్‌లో చదివాడు, పాసయ్యాడు, ఆ పుస్తకాన్ని జూనియర్‌కి సగం ధరకి అమ్మేశాడు. మన పరీక్షల తంతు అలా ఉంటుంది మరి. ఫస్ట్ ఇయర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, రాసేశాం, గట్టెక్కాం, ఇక వాటి మొహం చూడక్కర్లేదు. సెకండ్ ఇయర్‌లో పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ. 1997 నాటి నిబంధనల తర్వాత 2019 బ్యాచ్ నుంచి కొత్త పాఠ్యప్రణాళిక తెచ్చినప్పుడు సబ్జెక్టులను కలిపి చెప్పాలని, మొదటి ఏడాది నుంచే పేషెంట్‌ని చూపించాలని స్పష్టంగా రాశారు. క్లాసుల్లో కొంత జరుగుతోంది కూడా, కాదనను. కానీ ప్రశ్నపత్రం మాత్రం ఇప్పటికీ దేని పేపర్ దానిదే. పిల్లలు క్లాసుని బట్టి చదవరు, పేపర్‌ని బట్టి చదువుతారు. మనమూ అలాగే చదివాం కదా.

ఫిజియాలజీలో పనిచేసే నా స్నేహితురాలు చెప్పిన ముచ్చట ఒకటుంది, ఇది రాయకుండా ఉండలేను. ఆవిడ అప్పట్లో వేరే ఊళ్లో, వేరే కాలేజీలో ఉండేది. ఫస్ట్ ఇయర్ వాళ్లకి సాలీ పద్ధతిలో హీమోగ్లోబిన్ చూడటం ఉంటుంది. ట్యూబ్‌లో కింది గీత దాకా ఎన్ బై 10 హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి, తన వేలే పొడుచుకుని 20 మైక్రోలీటర్ల రక్తం పిపెట్‌తో లాగి అందులో కలిపి, ఓ పది నిమిషాలు ఆగి, తర్వాత చుక్క చుక్కగా డిస్టిల్డ్ వాటర్ కలుపుతూ పక్కనున్న గోధుమరంగు గాజుతో రంగు సరిపోయేదాకా పోల్చుకోవాలి. కంటితో పోల్చడమే కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్లు ఆపేస్తారు. రికార్డులు తిరగేస్తే అందరికీ 13, 13.5, 14. అమ్మాయిలకీ అంతే, అబ్బాయిలకీ అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21 నాటిది, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందంటుంది. మరి ఆ 57 శాతంలో ఒక్కరు కూడా మెడికల్ కాలేజీ మెట్లెక్కలేదా? పిల్లలు చూసింది రాయలేదు, పుస్తకంలో ఉన్న నార్మల్ రాశారు.

ఆ బ్యాచ్‌లో ఒకమ్మాయి మాత్రం 8.6 అని రాసింది. ఎగ్జామినర్ దాన్ని చూసి “నీళ్లు ఎక్కువ పోశావా?” అన్నారట. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ చేసింది, మళ్లీ అంతే వచ్చింది. నా స్నేహితురాలు ఆ అమ్మాయి కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉందట. సాయంత్రం హాస్పిటల్ ల్యాబ్‌కి పంపిస్తే మెషీన్‌లో కూడా దగ్గర దగ్గర అదే వచ్చింది. ఐరన్ మొదలుపెట్టారు. (చెప్పడం మరిచాను, నీళ్లు ఎక్కువ పోస్తే రీడింగ్ తగ్గదు, పెరుగుతుంది. ఎందుకో ఫస్ట్ ఇయర్ వాళ్లు ఆలోచించండి.)

హీమోగ్లోబిన్ మాట వచ్చింది కాబట్టి నాకిష్టమైన వైవా ప్రశ్న ఒకటి. హీమోగ్లోబిన్ 4 గ్రాములే ఉన్న మనిషి ఆయాసంతో వచ్చాడు, ఆక్సిజన్ చాలా తక్కువగా ఉంది, పెదాలు నీలంగా మారతాయా? మారతాయి అంటారు నూటికి తొంభై మంది, ఆక్సిజన్ తక్కువ కాబట్టి. నీలం కనబడాలంటే సన్న రక్తనాళాల్లో ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ డెసీలీటర్‌కి సుమారు 5 గ్రాములైనా ఉండాలి, మొత్తం ఉన్నదే 4 అయితే 5 ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే తీవ్రమైన రక్తహీనత ఉన్న పేషెంట్ నీలం తిరగకుండానే పోతాడు. ఈ ప్రశ్నలో గొప్ప జ్ఞానమేమీ అక్కర్లేదు, ఒక అంకె, ఒక తీసివేత, కాస్త ఆగి ఆలోచించే ఓపిక.

ఎంసీక్యూలు, అంటే ఆప్షన్ల ప్రశ్నలు, వచ్చాకే చదువు చెడిందనే వాళ్లతో నాకు పడదు. డాక్టర్లు పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీలో 200 ప్రశ్నలకి మూడున్నర గంటలు, అంటే ఒక్కోదానికి నిమిషం పైన మూడు సెకన్లు, కరెక్టయితే 4 మార్కులు, తప్పయితే 1 పోతుంది. ఆ టెన్షన్‌లో పిల్లలు ఒక్కో జబ్బుకి ఒక్కో కీవర్డ్ కట్టుకుని కూర్చుంటారు, నిజమే. కానీ ఎంసీక్యూ కూడా బాగా రాయొచ్చు. ఉదాహరణకి, మూసి ఉన్న బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టుకుని స్నానానికి వెళ్లిన కుర్రాడిని స్పృహ లేకుండా తెచ్చారు, వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ 98 చూపిస్తోంది, ఇప్పుడేం చేస్తావు? 98 చూసి ఆక్సిజన్ అక్కర్లేదనే ఆప్షన్ పెడతాను, దానికి చాలామంది పడతారు. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌కీ ఆక్సిజన్ పట్టుకున్న దానికీ ఆ మెషీన్ తేడా చెప్పలేదు, రెండు రంగుల కాంతితోనే అది లెక్క కడుతుంది కాబట్టి. ఆక్సిజన్ కన్నా 200 రెట్ల పైన గట్టిగా అతుక్కునే వాయువది. ఇక్కడ పేరు గుర్తుంటే చాలదు, వేలి మీద ఉన్న క్లిప్ లోపల ఏం జరుగుతోందో తెలియాలి.

వైవా మాత్రం గొప్పదా అంటే, అదొక లాటరీ. పొద్దున పదింటికి వెళ్లినవాడికి దొరికే ఎగ్జామినర్ వేరు, మధ్యాహ్నం భోజనం ఆలస్యమయ్యాక దొరికే ఎగ్జామినర్ వేరు, మనిషి ఒక్కరే అయినా. ఒకడికి “నెక్రోసిస్ అంటే ఏంటి”, వెనకవాడికి “అమైలాయిడ్ కెమిస్ట్రీ చెప్పు”. ఈ బాధ పడలేకే స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ 1975లో స్టేషన్ల పద్ధతి తెచ్చారు, అందరికీ అవే ప్రశ్నలు, అదే టైము, అదే మార్కుల చీటీ. మన ప్రాక్టికల్స్‌లో ఓస్పీ (ఓఎస్‌పీఈ) అంటున్నది దాని పిల్లే. న్యాయం విషయంలో మంచి పద్ధతి, వాదన లేదు. కాకపోతే “ఎనక్కి తన్నేస్తాది” లాంటి జవాబుకి ఆ మార్కుల చీటీలో గడి ఉండదు, అదే నా బాధ.

ఇప్పుడు అసలు విషయం. ఇది రాద్దామనే కూర్చున్నాను, మిగతాదంతా దారిలో తగిలింది.

అరకు, పాడేరు వైపు నుంచి విశాఖ ఆసుపత్రులకి వచ్చే గిరిజన పిల్లల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు మనకి కొత్త కాదు. కాబట్టి వైవాలో తప్పకుండా అడుగుతాం. పుట్టినప్పుడు బాగానే ఉన్న బిడ్డకి ఆరు నెలల తర్వాతే ఎందుకు మొదలవుతుంది అంటే, అప్పటిదాకా కాపాడిన ఫీటల్ హీమోగ్లోబిన్, అంటే కడుపులో ఉన్నప్పటి రకం, తగ్గిపోతుంది కాబట్టి, ఇది ఫిజియాలజీ. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లూటమిక్ ఆమ్లం బదులు వాలిన్ వస్తే ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం కొడవలిలా వంగుతుంది, ఇది బయోకెమిస్ట్రీ. ఇక పెద్దయ్యాక స్ప్లీన్ (ప్లీహం) ఎలా ఉంటుంది? పుస్తకం చెప్పేది, రక్తం అందక ముక్క ముక్కగా చచ్చిపోయి, మచ్చలు పడి, చివరికి ఇంతై మిగులుతుందని. దాన్నే ఆటోస్ప్లీనెక్టమీ అంటారు. జవాబుల కీలో ఉన్నదీ అదే.

ఏజెన్సీ నుంచి వచ్చి చదువుకుంటున్న ఒకమ్మాయిని ఈ ప్రశ్న బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు అడిగారు. ఆ పిల్ల “పెద్దదిగా ఉంటుంది సార్” అంది. “పెద్దవాళ్లలోనమ్మా, పిల్లల్లో కాదు” అన్నారాయన. “పెద్దవాళ్లలోనే సార్, మా ఊళ్లో ఒకన్నకి చేతికి తగులుతాది” అంది. ఆయన నవ్వి, చదువుకోమని చెప్పి పక్క జార్‌కి వెళ్లిపోయారు.

ఆ పిల్ల చెప్పింది నిజం. సికిల్ సెల్ గురించి మొదటిసారి రాసింది 1910లో, షికాగోలో జేమ్స్ హెరిక్. పేషెంట్ గ్రెనడా నుంచి డెంటల్ చదవడానికి వచ్చిన కుర్రాడు. (ఆ వింత కణాలను ముందుగా మైక్రోస్కోప్‌లో చూసింది హెరిక్ కాదు, ఆయన దగ్గర ఇంటర్న్‌గా ఉన్న ఎర్నెస్ట్ ఐరన్స్. ఇంటర్న్‌లు గర్వపడొచ్చు.) ఆ తర్వాత పుస్తకాల్లోకెక్కిన బొమ్మ ఎక్కువగా ఆఫ్రికా మూలాలున్న పేషెంట్లని చూసి గీసింది. మన దేశంలో ఈ జబ్బు నీలగిరి గిరిజనుల్లో ఉందని బయటపడింది 1952లో. మన గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే అరబ్-ఇండియన్ రకంలో ఫీటల్ హీమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగానే మిగులుతుంది, దాంతో స్ప్లీన్ అంత త్వరగా చావదు, చాలామందిలో పెద్దయ్యాక కూడా చేతికి తగులుతుంది. ఏజెన్సీలో మలేరియా సంగతి వేరే చెప్పాలా, అదీ స్ప్లీన్‌ని పెంచేదే. అంటే ఆరు నెలల బిడ్డ ప్రశ్నకి జవాబేదో స్ప్లీన్ ప్రశ్నకి జవాబూ అదే, ఫీటల్ హీమోగ్లోబిన్. మొదటిదానికి మార్కు ఇచ్చి రెండోదానికి కొట్టేశాం.

టీ టైములో ఎక్స్‌టర్నల్ గారికి ఈ మాట చెప్పాను. మంచి మనిషి, విన్నారు, తల ఊపారు. “మీరన్నది కరెక్టే గానీ మేడమ్, రేపు ఎంట్రన్స్‌లో ఇదే రాస్తే నెగెటివ్ పడుతుంది కదా ఆ పిల్లకి” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. చివరికి అర మార్కు వేశారు. వార్డులో చేతికి తగిలే స్ప్లీన్‌కి అర మార్కు, పుస్తకంలో ఉన్న స్ప్లీన్‌కి పూర్తి మార్కు! ఆ అమ్మాయికి మాత్రం తర్వాత పిలిచి చెప్పాను, నువ్వు చెప్పింది తప్పు కాదు, పరీక్షలో పుస్తకం చెప్పినట్టు చెప్పి, “మన దగ్గర ఇలా ఉంటుంది” అని రెండో వాక్యం కలుపు అని. “రెండో వాక్యం వింటారా మేడమ్?” అంది.

వినేలా ప్రశ్న తయారుచేయాలి, వేరే దారి లేదు. అందుకే నేనూ ఆ ఫిజియాలజీ స్నేహితురాలూ కలిసి కొన్ని కేసులు రాస్తున్నాం, ఫస్ట్ ఇయర్‌కీ సెకండ్ ఇయర్‌కీ అదే పేషెంట్, ప్రశ్నలు వేరు. మొదటిది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానం నుంచి. కవిటి దగ్గర కొబ్బరితోటలో పనిచేసే నలభై అయిదేళ్ల మనిషి, కిడ్నీలు వడపోయాల్సిన క్రియాటినిన్ పెరిగింది, బీపీ దాదాపు మామూలే, యూరిన్‌లో ప్రొటీన్ ఏదో ఉందీ లేదన్నట్టు, హీమోగ్లోబిన్ 7, రాత్రిళ్లు పదే పదే లేవాల్సి వస్తోంది. ఫస్ట్ ఇయర్ వాళ్లు చెప్పాల్సింది, కిడ్నీ చెడితే రక్తం ఎందుకు తగ్గుతుంది, రక్తకణాల తయారీకి కావాల్సిన ఎరిత్రోపొయెటిన్ తయారయ్యేది ఎక్కడ, రాత్రిపూట మూత్రం చిక్కబడకపోవడానికి కిడ్నీ లోపలి మెడుల్లాలో ఏం పాడై ఉండాలి. సెకండ్ ఇయర్ వాళ్లు చెప్పాల్సింది, దెబ్బ తగిలింది రక్తాన్ని వడపోసే గ్లొమెరులస్‌కా లేక మూత్రం నడిచే సన్న గొట్టాలైన ట్యూబ్యూల్స్‌కీ వాటి మధ్య కణజాలానికా, బయాప్సీ చూడకముందే ఆ యూరిన్ రిపోర్ట్‌ని బట్టి ఎలా ఊహిస్తావు. ఈ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు కాబట్టి కారణం అడగం, పీడీఎఫ్‌లో ఎక్కడా దొరకదు కూడా.

మాకింకా కుదరని సంగతి ఒకటుంది, ఈ కేసుకి వచ్చిన మార్కులు ఏ సబ్జెక్టు రిజిస్టర్‌లో ఎక్కించాలన్నది. రాత్రి మూత్రం ప్రశ్న తనదే అంటుంది ఆవిడ, నాదంటాను నేను. ఇంకా తేలలేదు. ఈలోగా మీలో ఎవరైనా పాఠాలు చెప్పేవాళ్లుంటే, మన ఉత్తరాంధ్ర వార్డుల్లో చూసిన కేసులు, పేషెంట్ వివరాలేవీ లేకుండా, రెండు మూడు వాక్యాల్లో పంపండి. థైరాయిడ్, షుగర్ వైపు మా దగ్గర ఒక్కటి కూడా సరైనది లేదు.